జమైకా అవెన్యూలో చర్చిగా మారిన పాత సినిమా హాలు గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

గుడివాడ అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటాను. జమైకా అనే పేటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. ఈ ప్రశ్న మా నాన్న కోసం అడుగుతున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాన్నకి 74 ఏళ్లు. ఆరు నెలలు ఉండి వెళ్దామని మార్చిలో వచ్చారు. గుడివాడ దగ్గర మా ఊరి సినిమా హాల్లో 31 ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. కార్బన్ కడ్డీలు మండి వెలుగిచ్చే పాత ప్రొజెక్టర్ మిషన్ మీద పని నేర్చుకున్న మనిషి. ఆయన కుడిచేతి చూపుడు వేలి కొస గీతల్లేకుండా నున్నగా ఉంటుంది. అరిగిపోయిన కడ్డీ తీసి కొత్తది బిగించేటప్పుడు ఎన్నిసార్లు కాలిందో లెక్కలేదంటారు. ఇక్కడ విమానం దిగాక వేలిముద్రల మిషన్ ఆ వేలిని పట్టుకోలేక మూడుసార్లు పెట్టించింది.

పోయిన శనివారం కూరగాయలకని ఇద్దరం జమైకా అవెన్యూ మీద నడుస్తున్నాం. మెర్రిక్ బులవార్డ్ వచ్చి కలిసే చోట నాన్న ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఇది హాలమ్మా" అన్నారు. నేను ఆ దారిన ఆరేళ్లుగా తిరుగుతున్నాను. పైన టాబర్నకిల్ ఆఫ్ ప్రేయర్ అని బోర్డు ఉంటుంది. చర్చి అనుకున్నాను, అంతకుమించి తలెత్తి చూసింది లేదు. నాన్నకి ఆ బోర్డు చదవడం రాదు. ఎలా తెలిసింది అంటే, "రోడ్డు మీదకి చొచ్చుకొచ్చిన ఆ పందిరి చూడు. కింద తలుపులు చూడు, వరసగా ఎన్ని ఉన్నాయో, అన్నీ బయటికే తెరుచుకునేవి. ఆట వదిలితే ఒకేసారి వేలమంది బయటపడాలి కదా" అన్నారు. అప్పుడు తలెత్తి చూశాను. ఇటుక గోడ మీద ఆల్చిప్పలు, పువ్వుల తోరణాలు, చిన్నపిల్లల ముఖాలు, అన్నీ కాల్చిన మట్టితో చేసినవి.

అప్పటినుంచి ఆయన మనసు అక్కడే ఉంది. మా ఊరి హాలుని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. ఆ మధ్య నాన్న అక్కడికి పెళ్లికి వెళ్లి, భోజనం చేస్తూ పక్కాయనకి చూపించారట, తెర ఇక్కడ ఉండేది, నేల టికెట్టు వాళ్లు ఇక్కడ కూర్చునేవాళ్లు అని. తెర ఉన్న చోట ఐస్‌క్రీమ్ బల్ల వేసి ఉందట. అందుకే ఇక్కడా లోపలంతా ఊడ్చేసి ఉంటారని ఆయన అనుమానం.

ఈ హాలు ఎప్పటిది? ఎందుకు మూశారు? హాలు పోయి చర్చి వచ్చినప్పుడు లోపల ఏమేం తీసేశారు? మేం హిందువులం, లోపలికి వెళ్లి చూడొచ్చా? తప్పు పడతారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఆయన తిరిగి వెళ్లేలోపు ఒక్కసారి చూపించాలి.

పాతకాపు

అమ్మా, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను 1973లో ఉద్యోగానికి వచ్చి క్వీన్స్‌లోనే స్థిరపడ్డాను. ఆ హాల్లో సినిమా చూసినవాణ్ణి. దాని పేరు లోస్ వలెన్సియా. ఇక్కడి ముసలివాళ్లు "లోయీస్" అని పలుకుతారు. చర్చిలో ఎవరైనా పెద్దవాళ్లని అడిగితే ఆ పేరుతోనే అడగండి, వెంటనే గుర్తుపడతారు.

1929 జనవరి 12న తెరిచారు. సీట్లు 3,500 పైచిలుకు. లోస్ కంపెనీ ఆ రోజుల్లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ స్టూడియోకి యజమాని. సినిమా తీసేదీ వాళ్లే, ఆడించేదీ వాళ్లే. మొదట్లో సినిమాతో పాటు స్టేజీ మీద పాటలు, డ్యాన్సులు కూడా ఉండేవట. అవి నేను వచ్చేనాటికి ఎప్పుడో పోయాయి.

నేను వెళ్లింది 1975 చలికాలంలో. అప్పట్లో జమైకా అవెన్యూకి నడినెత్తిన ఇనప స్తంభాల మీద రైలు నడిచేది. కింద పట్టపగలు కూడా మసక చీకటే. ఆ మసకలోంచి తలుపు తీసుకుని లోపలికి వెళితే తల పైన ఆకాశం! ముదురు నీలం. రెండు పక్కలా స్పెయిన్ దేశపు ఊళ్లో ఇళ్ల ముందు నిలబడ్డట్టు గోడలు, గవాక్షాలు, వాటి వెనక దీపాలు. మా బందరులో ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టు అనిపించింది నాకు. ఆ సినిమా కథ ఇప్పుడు గుర్తులేదు, ఆ కప్పు మాత్రం గుర్తుంది. అంత పెద్ద హాల్లో ఆ సాయంత్రం పట్టుమని వందమందిమి లేము. హీటరు చాలక కోటు విప్పకుండానే కూర్చున్నాం.

ఎందుకు మూశారంటే, ఒక్క కారణం కాదు. 1948లో సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోలు, థియేటర్లు ఒకే చేతిలో ఉండే పద్ధతి పోయింది. అంతలోనే టీవీ ఇళ్లలోకి వచ్చింది. ఉన్నవాళ్లు లాంగ్ ఐలాండ్‌లో కొత్త ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయారు, వాళ్లకి అక్కడే కారు పార్కింగుతో హాళ్లు వచ్చాయి. ఇక జమైకాకి 1977 మహా చెడ్డ సంవత్సరం. మార్చిలో అక్కడి పాత దినపత్రిక లాంగ్ ఐలాండ్ ప్రెస్ మూతపడింది. జూలైలో నగరమంతా కరెంటు పోయి లూటీలు జరిగాయి. సెప్టెంబర్‌లో ఆ ఎత్తు రైలు ఆపేశారు. కింద సొరంగంలో కొత్త రైలు 1988 దాకా రాలేదు. వలెన్సియా మూసిందీ అదే 1977లో. ఖాళీగా ఉంచకుండా లోస్ వాళ్లు దాన్ని టాబర్నకిల్ ఆఫ్ ప్రేయర్ అనే ఈ చర్చికి ఇచ్చేశారు. జానీ వాషింగ్టన్ అనే నల్లజాతి బోధకుడు పెట్టిన సంఘం అది.

మనవాళ్లకి మాత్రం 1977 మంచి సంవత్సరం, అందుకే నాకంత గుర్తు. జూలై 4న ఫ్లషింగ్‌లో గణేశుడి గుడి కుంభాభిషేకం. ఆ స్థలం అంతకుముందు రష్యన్ ఆర్థొడాక్స్ చర్చిది. తిరుమల తిరుపతి దేవస్థానం సాయం చేసింది. మొట్టమొదటి తెలుగు మహాసభ న్యూయార్క్‌లో జరిగిందీ ఆ ఏడే, దాన్నుంచే తానా పుట్టింది. మేము కుర్చీలు మోశాం. ఒక ఊళ్లో ఒకే ఏడాది చర్చి స్థలం గుడి అయింది, సినిమా హాలు చర్చి అయింది. ఇక్కడ స్థలాలు అలా చేతులు మారుతూనే ఉంటాయి. వెళ్లొచ్చా అని సంకోచపడకండి.

జర్నల్ స్క్వేర్ నుంచి

నేను ఆర్కిటెక్ట్‌ని. జెర్సీ సిటీలో మన ఇండియా స్క్వేర్ దుకాణాలకి నాలుగు అడుగుల దూరంలో ఉంటాను. మా వీధి చివర ఉన్న లోస్ జెర్సీ హాలు మీ వలెన్సియాకి తోబుట్టువు. న్యూయార్క్ చుట్టుపక్కల లోస్ వాళ్లు 1929, 30ల్లో ఐదు పెద్ద హాళ్లు తెరిచారు. వాటికి 'వండర్ థియేటర్లు' అని పేరు. మొదటిది వలెన్సియా. తర్వాత బ్రాంక్స్‌లో పారడైజ్, బ్రూక్లిన్‌లో కింగ్స్, జెర్సీ సిటీలో జెర్సీ, ఆఖర్న మన్‌హాటన్ ఉత్తరాన 175వ వీధిలో ఒకటి. ఆ 175వ వీధి హాలు 1969లోనే రెవరెండ్ ఐక్ అనే బోధకుడి చేతికి వచ్చి ప్రార్థన మందిరం అయింది. పారడైజ్‌ని 2012లో ఒక చర్చి లీజుకి తీసుకుంది. కింగ్స్ 1977లోనే మూతపడి, దాదాపు నలభై ఏళ్లు వానకి నాని, చివరికి భారీ ఖర్చుతో 2015లో మళ్లీ తెరుచుకుంది.

మీ నాన్నగారు ఎలక్ట్రికల్ పని తెలిసిన మనిషి కాబట్టి ఆకాశం సంగతి వివరంగా రాస్తాను. వలెన్సియా ఆర్కిటెక్టు జాన్ ఎబర్సన్. యూరప్‌లో పుట్టి, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుకుని 1901లో అమెరికా వచ్చాడు. ఆయన చేసిన పని ఏంటంటే, హాలుకి బంగారు పూత కప్పు, వెయ్యి దీపాల గుత్తులు పెట్టడం మానేశాడు. పైన ఏ నగిషీ లేని ప్లాస్టర్ గుమ్మటం వేసి నీలం రంగు కొట్టాడు. పక్క గోడల్ని ఇళ్ల ముందు భాగాల్లా కట్టి, ఆ గోడల పైఅంచు వెనక రంగు బల్బులు దాచాడు. బల్బు కనపడదు, వెలుగు మాత్రం కప్పు మీదకి పాకుతుంది. డిమ్మర్ మెల్లగా తగ్గిస్తుంటే సాయంత్రం అయి రాత్రి పడినట్టు ఉంటుంది. కప్పులో చిన్న చిన్న కన్నాలు పెట్టి వాటిలో చుక్కలకి బల్బులు. మేఘాల కోసం వేరే ప్రొజెక్టర్, బొమ్మ గీసిన గాజు పలక గుండ్రంగా తిరుగుతుంటే మబ్బులు కప్పు మీద కదులుతాయి. ఈ పద్ధతిలో మొదటి హాలు ఆయన 1923లో హ్యూస్టన్‌లో కట్టాడు. నగిషీ కప్పు కంటే ఖర్చు తక్కువ, అందుకే దేశమంతా పాకింది.

లోపలంతా ఊడ్చేశారేమోనన్న అనుమానానికి వస్తే, నిజానికి జరిగింది దానికి సరిగ్గా ఎదురు. సినిమాలు ఆడుతూనే ఉన్న హాళ్లే ఎక్కువ పాడయ్యాయి. మా జెర్సీ హాలుని 1974లో మూడు ముక్కలుగా కోశారు. మధ్యలో అడ్డగోడలు లేపారు. పారడైజ్‌ని విడతలవారీగా నాలుగు చేశారు. 1977లో చర్చికి వెళ్లిపోయిన వలెన్సియాకి ఆ కోత తప్పింది. చర్చికి ఒకే పెద్ద గది కావాలి, అందరూ ఒకే వైపు చూడాలి, స్టేజీ కావాలి, మాట చివరి వరసకి వినపడాలి. సినిమా హాలుకి ఏమేం కావాలో అవే. అందుకే గోడల జోలికి పోలేదు.

ఇంకో విషయం. 1999లో నగరం దీన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది, కానీ బయటి భాగాన్నే. ఇక్కడి చట్టం ప్రకారం పూజలు, ప్రార్థనలు జరిగే చోటి లోపలి భాగాన్ని అలా ప్రకటించే వీలు లేదు. అంటే లోపలున్న ఆ ప్లాస్టర్ పనినంతా ఇన్నేళ్లు కాపాడమని వాళ్లని ఎవరూ అడగలేదు. కానుకల డబ్బుతో, సొంత మనుషులతో వాళ్లే చూసుకుంటూ వచ్చారు. 3,500 సీట్ల భవనానికి చలికాలం వేడి పెట్టడం, పైకప్పు కారకుండా చూడటం ఎంత ఖర్చో నా వృత్తిలో నాకు తెలుసు. నాకు వాళ్లంటే చాలా గౌరవం.

గుంటూరు అక్క

చెల్లీ, నేను నర్సుని. నాతో పాటు డ్యూటీ చేసే ఒకావిడది ఆ సంఘమే, ఆవిడతో రెండుసార్లు ఆ చర్చికి వెళ్లాను. కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

మీ ప్రశ్నలో ఒక్క మాట నాకు కాస్త బాధ అనిపించింది, "హాలు పోయి చర్చి వచ్చినప్పుడు" అన్నారు. తప్పు పట్టట్లేదు, మన ఊళ్లలో జరిగింది చూసి అన్నారు. కానీ అక్కడ కార్పెట్ తుడిచేవాళ్లని, ఇత్తడి కడ్డీలకి పాలిష్ పెట్టేవాళ్లని నేను కళ్లారా చూశాను. అరవై డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు, జీతం లేదు, ఏమీ లేదు. మా ఇంటివాళ్లు నాలుగు తరాలుగా లూథరన్లు. 1842లో పెన్సిల్వేనియా సంఘం తరఫున హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ మాది. మా చర్చిలో మా నాయనమ్మ శనివారం సాయంత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని బెంచీలు తుడిచేది. సరిగ్గా అలాగే ఉంది నాకు.

వాళ్లు మార్చింది ఒకటి తెలుసు. గోడల మీద పైన గూళ్లలో ఉన్న విగ్రహాల ఒంటి మీద బట్టలు ఉండేవి కావట. వాటిని పగలగొట్టకుండా అంగీలు తొడిగినట్టు చేసి, వెనక రెక్కలు పెట్టి దేవదూతల్ని చేశారు. నాన్నగారికి చూపించండి.

హిందువులమని భయపడకండి. ఎవరొచ్చినా ఆదరిస్తారు. పెద్ద టోపీలు, తెల్ల బట్టలు, పాటలు చాలా గట్టిగా ఉంటాయి, డ్రమ్స్, ఆర్గన్ అన్నీ ఉంటాయి. ప్రార్థన రెండు మూడు గంటలు సాగుతుంది, నాన్నగారికి చివరి దాకా కూర్చోవడం కష్టమైతే అంచు సీట్లో కూర్చోండి. ఫోటోలు మాత్రం అడక్కుండా తీయకండి, అది వాళ్లకి ఆరాధన సమయం. ప్రార్థన అయ్యాక తలుపు దగ్గర ఉండే పెద్దావిడని అడిగితే కాసేపు చూడనిస్తారు. నాన్నగారి పని గురించి చెప్పండి, వాళ్లకీ సంతోషంగా ఉంటుంది.

గుడివాడ అమ్మాయి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పాతకాపు గారూ, మీ డాబా మాట నాన్నకి చదివి వినిపిస్తే రెండుసార్లు మళ్లీ చదవమన్నారు. అక్కా, ఆ మాట రాసినందుకు క్షమించండి. మీరు చెప్పాక నాకూ అర్థమైంది.

నిన్న ఆదివారం వెళ్లొచ్చాం. నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు. లోపలికి అడుగు పెట్టాక కప్పు వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత అందరూ స్టేజీ వైపు తిరిగి కూర్చుంటే ఈయన మెడ తిప్పి వెనక్కి, పైకి చూస్తూ కూర్చున్నారు. ఏం చూస్తున్నారు నాన్నా అంటే, "క్యాబిన్ నుంచి తెర దాకా దూరం లెక్కేస్తున్నా. మా హాలుకి రెండింతల పైనే ఉంది. ఇంత దూరం వెలుగు కొట్టాలంటే కడ్డీలు ఎంత లావువి వాడేవాళ్లో" అన్నారు. రీలు మారేటప్పుడు తెర మూల మీద చుక్క పడుతుంది, ఆ చుక్క చూసి రెండో మిషన్ అందుకోవాలి, ఇంత దూరం నుంచి ఆ చుక్క కనపడేదా అని ఆయన బెంగ. పాటలు మొదలయ్యాక ఆ ధ్యాస వదిలేసి చప్పట్లు కొట్టారు. మా ఊళ్లో ఆట మొదలయ్యే ముందు హాలు మీద మైకులో దేవుడి పాట వేసేవాళ్లు, ఆ పాట వినపడితేనే జనం ఇళ్లలోంచి బయల్దేరేవాళ్లు. ఆ రికార్డు పెట్టేది నాన్నే.

రెక్కల విగ్రహాలు చూశాం. ప్రార్థన అయ్యాక తలుపు దగ్గర తెల్ల గ్లౌజులు వేసుకున్న ఒక పెద్దావిడ ఉన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే నాన్న కుడిచెయ్యి గుండ్రంగా తిప్పి రీలు తిరిగినట్టు చూపించి, వేలు తన గుండె మీద పెట్టుకున్నారు. ఆవిడకి అర్థమైంది. "లోయీస్" అని, చిన్నప్పుడు వాళ్లమ్మతో శనివారాలు ఇక్కడికే వచ్చేదాన్నని చెప్పారు. అప్పుడు నాన్న జేబులోంచి ఒక పొట్లం తీశారు. నాకే తెలియదు ఆయన అది తెచ్చుకున్నారని. బొటనవేలంత కార్బన్ కడ్డీ ముక్క, పైన రాగి తొడుగు, ఒక కొస కాలి నల్లగా గుంటపడి ఉంది. మా హాల్లో కార్బన్ మిషన్ తీసేసిన రోజు ఆఖరి ఆటలో మిగిలిన ముక్క. ఆవిడ గ్లౌజు తీసి, ఒట్టి చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నాన్న అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు. పైకి క్యాబిన్‌కి తీసుకెళ్లమని అడుగుదామనుకున్నాను. నాన్నే వద్దన్నారు, ఆవిడకి మెట్లెక్కడం కష్టమని.

బస్సులో వస్తూ ఒక సందేహం అడిగారు, జర్నల్ స్క్వేర్ గారూ మీరే చెప్పాలి. ఆ కప్పులో చుక్క బల్బు ఒకటి మాడిపోతే ఎలా మార్చేవాళ్లు? అంత ఎత్తుకి కింద నుంచి నిచ్చెన వేసేవాళ్లా?

జర్నల్ స్క్వేర్ నుంచి

నిచ్చెన కాదండీ, పైనుంచే. మనకి కనపడే ఆ నీలం గుమ్మటం అసలు పైకప్పు కాదు. పైన ఉక్కు దూలాలు, వాటికి ఇనప ఊచలతో వేలాడదీసిన పలచటి ప్లాస్టర్ అది. రెండింటి మధ్య మనిషి వంగి నడిచేంత జాగా ఉంటుంది, నడవడానికి చెక్క పలకల దారి ఉంటుంది. ప్లాస్టర్ మీద కాలు వేస్తే కిందకి పోతాడు కాబట్టి ఆ పలకల మీదే వెళ్లాలి. పనివాడు టార్చి పట్టుకుని, జేబులో బల్బులు పోసుకుని చీకట్లో వెళ్లి, మాడిన చుక్క దగ్గర వంగి పాత బల్బు తీసి కొత్తది పెట్టి వచ్చేవాడు.

నాన్నగారు వెళ్లేలోపు ఒక శనివారం మా ఇంటికి భోజనానికి తీసుకురండి. కడ్డీ ముక్క కూడా తెమ్మనండి.